బీసీసీ అంటే ఏంటి? గ్రూప్ మెయిల్ పంపేముందు ఇది తెలుసుకోండి

జీమెయిల్‌లో సీసీ చాలామంది వాడతారు. దాని పక్కనే ఉండే బీసీసీని మాత్రం పెద్దగా ముట్టుకోరు. కానీ ఒకరికొకరు తెలియని మనుషులకి ఒకే మెయిల్ పంపాలంటే, వాడాల్సింది దాన్నే.

ఆ పేరెందుకు?

ఎరువుల షాపులో బిల్లు రాసేటప్పుడు కింద నీలం కాగితం పెడతారు కదా, అదే కార్బన్ పేపర్. టైప్‌రైటర్ల కాలంలో ఆఫీసుల్లో కాపీలు అలాగే తీసేవాళ్లు. సీసీ అంటే కార్బన్ కాపీ. బీసీసీ అంటే బ్లైండ్ కార్బన్ కాపీ. కాపీ ఎవరెవరికి వెళ్లిందో మిగతావాళ్లకి తెలీదు.

లోపల ఏం జరుగుతుంది?

మెయిల్‌ని ఉత్తరం, కవరు అనుకోండి. టూ, సీసీ అడ్రస్‌లు ఉత్తరంలోనే రాసి ఉంటాయి, అందుకే అందరికీ కనిపిస్తాయి. సర్వర్ మాత్రం ఎవరికి చేర్చాలో కవరు చూసి తెలుసుకుంటుంది. బీసీసీ అడ్రస్‌లు ఆ కవరు మీదే ఉంటాయి. అవతలివాళ్లకి చేరే ఉత్తరంలో మామూలుగా ఆ లైనే ఉండదు.

ఇదంత ముఖ్యమా?

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ములకలపల్లి. మా వైపు కుర్రాళ్ల మెయిల్ ఐడీలు చూస్తే పేరు, పుట్టిన సంవత్సరం, ఒక్కోసారి ఫోన్ నంబర్ కూడా అందులోనే ఉంటాయి. ఒట్టి పేరుతో ఐడీ దొరకదు మరి! ఇప్పుడు ఒక ట్రైనింగ్ సెంటర్ జాబ్ మేళా సమాచారాన్ని వంద మందికి టూలో పెట్టి పంపిందనుకోండి. ఉద్యోగం వెతుకుతున్న వంద మంది లిస్ట్ రెడీ. ఒక్కరు ఫార్వర్డ్ చేసినా చాలు, "రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, జాబ్ గ్యారంటీ" అనేవాళ్ల చేతికి అది చిక్కుతుంది.

పెద్ద సంస్థలూ ఇక్కడే దెబ్బతిన్నాయి. 2021 సెప్టెంబర్‌లో బ్రిటన్ రక్షణ శాఖ, తాలిబన్ల నుంచి తప్పించుకుని బ్రిటన్ చేరాలనుకుంటున్న 245 మంది అఫ్గాన్లకి ఒకే మెయిల్‌ని టూలో పెట్టి పంపింది. 55 మంది ప్రొఫైల్ ఫొటోలు కూడా కనిపించాయి. అది తాలిబన్ల చేతిలో పడితే ప్రాణాలకే ముప్పు. 2023 డిసెంబర్‌లో ఆ శాఖకి 3.5 లక్షల పౌండ్ల జరిమానా పడింది.

ఎలా వాడాలి?

ఫోన్‌లో: జీమెయిల్ యాప్‌లో కంపోజ్ ఓపెన్ చేసి, టూ లైన్ చివర ఉన్న కింది బాణం గుర్తు నొక్కండి. బీసీసీ వస్తుంది.

కంప్యూటర్‌లో: కంపోజ్ విండోలో కంట్రోల్, షిఫ్ట్, బీ కలిపి నొక్కితే చాలు.

టూలో మీ అడ్రస్ పెట్టుకుని, మిగతావాళ్లందర్నీ బీసీసీలో వేయండి.

ఇవి గుర్తుంచుకోండి

• బీసీసీలో ఉన్నవాళ్లు రిప్లై ఆల్ కొడితే, అది టూ, సీసీలో ఉన్నవాళ్లకి వెళ్తుంది. వాళ్లు దాక్కుని ఉన్న సంగతి బయటపడిపోతుంది. మేనేజర్‌కి విడిగా తెలియాలంటే, పంపిన మెయిల్‌ని ఆయనకి ఫార్వర్డ్ చేయడమే మేలు.

• మామూలు జీమెయిల్ అకౌంట్‌లో ఒక మెయిల్‌కి 500 మందే లిమిట్.

• బీసీసీ ఎన్‌క్రిప్షన్ కాదు. మీ సెంట్ ఫోల్డర్‌లో లిస్ట్ మొత్తం ఉంటుంది.

• ఆరోగ్యం, డబ్బు లాంటి సున్నితమైన విషయాలైతే బీసీసీని కూడా నమ్ముకోవద్దు. చేతికి కాస్త తొందరైతే లిస్ట్ టూలో పడిపోతుంది. మెయిల్ మెర్జ్ వాడితే ఒక్కొక్కరికీ విడి మెయిల్ వెళ్తుంది.

చివరగా, కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అన్‌డూ సెండ్ టైమ్‌ని 30 సెకన్లకి పెంచుకోండి. లిస్ట్ ఎక్కడ పడిందో చూసుకోవడానికి ఆ అర నిమిషం చాలు.