పాసు చేతిలో, గది ఎవరి చేతిలో?

ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాల్లో జీతం లెక్కతోపాటు మరో లెక్క కూడా నడుస్తుంటుంది. ఈ ఏడాది ఎన్ని పాసులు వాడేశాం, ఇంకెన్ని మిగిలాయి? మిగిలిన సెట్టుతో సొంతూరు వెళ్లిరావాలా, లేక ఈసారైనా పూరీలో నాలుగు రోజులు సముద్రం ఒడ్డున గడపాలా? డిసెంబరు దగ్గరపడేకొద్దీ ఈ ప్రశ్న పదునెక్కుతుంది. వాడుకోని పాసు వచ్చే ఏడాదికి పోగుపడదు, మురిగిపోతుంది.

పాయింట్లు కూడబెట్టి ఉచితంగా విమానమెక్కడం, పెద్ద హోటల్లో దిగడం ఇప్పుడు నగరాల్లోని ఉద్యోగులకు అలవాటైన విద్య. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో, హాలిడే ఇన్ హోటళ్లు 1983లో మొదలుపెట్టిన ఈ వ్యాపార సూత్రం నేడు క్రెడిట్ కార్డుల ద్వారా ప్రతి జేబులోకీ చేరింది. కానీ విడిచిపోకుండా ఉన్నవారికి ప్రయాణాన్నే ప్రతిఫలంగా ఇవ్వడం రైల్వేలో అప్పటికే పాత సంగతి. తేడా ఒక్కటే. హోటల్ పాయింట్లు డబ్బు ఖర్చుపెట్టినవారికి వస్తాయి. రైల్వే పాసు ఒంట్లో సత్తువ ఖర్చుపెట్టినవారికి వస్తుంది.

ఈ లెక్కలన్నీ 1986 నాటి రైల్వే ఉద్యోగుల పాసు నిబంధనల్లో ఉన్నాయి. గ్రూప్ సి ఉద్యోగికి మొదటి ఐదేళ్లూ ఏడాదికి ఒక్క సెట్టే. ఆ తర్వాత మూడు. సెట్టు అంటే కుటుంబంతో సహా వెళ్లిరావడానికి సరిపడే పాసు. ఇవికాక మూడోవంతు చార్జీతో ప్రయాణించే పిటిఓలు ఏడాదికి నాలుగు. పాతికేళ్ల సర్వీసు పూర్తి చేసి రిటైరైన గ్రూప్ సి ఉద్యోగికి ఏటా రెండు సెట్లు జీవితాంతం అందుతాయి. ఈ కాలంలో ఏ హోటల్ కంపెనీ పథకమైనా పాతికేళ్ల పాటు మారకుండా ఉంటుందన్న హామీ లేదు. ప్రపంచంలోని అతి పెద్ద హోటల్ సంస్థ మారియట్ 2022లో తన పాయింట్ల పట్టికను ఎత్తేసింది. దాంతో ఏ గదికి ఎన్ని పాయింట్లన్నది ఏ రోజుకారోజు మారిపోయే ధర అయింది.

ఖరగ్‌పూర్‌లో ఈ పాసుల కథ తెలుగువారి కథ కూడా. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బిఎన్‌ఆర్) పందొమ్మిదో శతాబ్దం చివరి నాటికి ఇక్కడ జంక్షన్‌నూ, ఆ వెంటనే భారీ వర్క్‌షాపునూ నిర్మించింది. కలకత్తాను మద్రాసుతో కలిపిన తూర్పు తీర రైలుమార్గమే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి జనాన్ని మోసుకొచ్చింది. లోకోషెడ్లలో, వర్క్‌షాపులో, పట్టాల మీద పనికి కుదిరినవారు ఝపటాపూర్, మాలంచ, నింపురా, మథురాకాటి లాంటి పేటల్లో స్థిరపడ్డారు. మూడు నాలుగు తరాల తర్వాత కూడా తెలుగు వినిపించే ఈ పట్టణాన్ని దృష్టిలో పెట్టుకునే, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది.

ఇలాంటి వలస కుటుంబాలకు పాసు విలాసం కాదు, బొడ్డుతాడు. పెళ్లికీ, చావుకీ, సంక్రాంతికీ, గ్రామదేవత పండగకూ అదే దిక్కు. ఖరగ్‌పూర్‌లో రాత్రి రైలెక్కితే బాలాసోర్, కటక్, భువనేశ్వర్ దాటాక ఖుర్దా రోడ్డు వస్తుంది. అక్కడ దారి చీలుతుంది. ఒకటి పూరీకి, మరొకటి పలాస మీదుగా శ్రీకాకుళం వైపు. ఏడాదికి మూడు సెట్లున్న కుటుంబం ఆ చీలిక దగ్గర ఎటు తిరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ముందు ఊరు. ఊరి అవసరాలు తీరాక ఒక సెట్టు మిగిలితేనే పూరీ.

ఆ పూరీలోనే బిఎన్‌ఆర్ పేరు మోస్తున్న ఒక పాత హోటల్ ఉంది. చక్రతీర్థ రోడ్డులో, సముద్రానికి ఎదురుగా, వెడల్పాటి వరండాలతో ఉండే ఆ రైల్వే హోటల్ 1920ల నాటిది. వేసవి ఎండ భరించలేని కలకత్తా దొరల కోసం, వారి తర్వాత సంపన్న బెంగాలీ కుటుంబాల కోసం నడిచింది. రాంచీలోనూ ఇలాంటిదే మరొకటి. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు చెమటోడ్చిన కంపెనీయే ఆ హోటళ్లకూ యజమాని. కానీ ఫిట్టరు చేతిలోని పాసు అతన్ని పూరీ స్టేషన్ వరకే తీసుకెళ్తుంది. హోటల్ గది తలుపు తెరవదు. అతని కోసం ఉన్నవి నామమాత్రపు అద్దెకు గదులిచ్చే రైల్వే హాలిడే హోములు. పూరీతో సహా పలు యాత్రాస్థలాల్లో, కొండ ప్రాంతాల్లో రైల్వే వీటిని నడుపుతోంది. వాటికి ముందుగా అర్జీ పెట్టుకోవాలి. సీజన్‌లో గది దొరకడం అదృష్టం మీద ఆధారపడిన వ్యవహారం.

1944లో బిఎన్‌ఆర్ ప్రభుత్వపరమైంది, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. హోటళ్లు రైల్వే చేతిలోనే ముసలివయ్యాయి. 1999లో ఏర్పడిన ఐఆర్‌సిటిసికి 2000ల దశకంలో ఈ రెండింటినీ బదలాయించారు. వాటిని మరమ్మతు చేసి నడపడానికి ప్రైవేటు సంస్థకు లీజుకిచ్చారు. పాత హోటళ్లకు కొత్త ఊపిరి పోయడానికి ఇదొక్కటే మార్గమని వాదించేవారు ఉండొచ్చు. పైకప్పు కారుతున్న భవనానికి పెట్టుబడి కావాలన్నది నిజమే. కానీ ఆ లీజే తర్వాత దేశ రాజకీయాలను కుదిపిన కేసుగా మారింది.

లాలూ ప్రసాద్ యాదవ్ రైల్వే మంత్రిగా ఉన్న కాలంలో (2004-09) రాంచీ, పూరీ హోటళ్లను ఒక ప్రైవేటు సంస్థకు కట్టబెట్టేందుకు టెండర్లలో అక్రమాలు జరిగాయని, అందుకు ప్రతిఫలంగా పాట్నాలో విలువైన భూమి చేతులు మారిందని సిబిఐ ఆరోపణ. 2017 జూలైలో కేసు పెట్టి, 2018లో చార్జిషీటు దాఖలు చేసింది. 2025 అక్టోబరు 13న ఢిల్లీలోని ప్రత్యేక కోర్టు లాలూ, ఆయన భార్య రబ్రీ దేవి, కుమారుడు తేజస్వి యాదవ్, మరికొందరిపై అభియోగాలు నమోదు చేసింది. వాటిని వారు తోసిపుచ్చారు, తాము నిర్దోషులమన్నారు. నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానమే.

అయితే కోర్టు పరిధిలోకి రాని ప్రశ్న మరొకటుంది. రైల్వే ఆస్తి ఎవరిదన్న ఈ వివాదంలో రైల్వే కార్మికుడి ఊసు ఎక్కడా లేదు. హోటల్ ఎవరు నడపాలో నిర్ణయించినప్పుడు అతన్ని అడగలేదు. దొరల కాలంలోనూ అడగలేదు. ఆ మాటకొస్తే పాసు విషయంలోనూ అతని మాటకు పరిమితులున్నాయి. పాసు పేరులోనే అసలు గుట్టు ఉంది. దాన్ని ‘ప్రివిలేజ్’ అన్నారు తప్ప హక్కు అనలేదు. ఇచ్చేవాడి దయ మీద నిలిచేది ప్రివిలేజ్, పుచ్చుకునేవాడు నిలదీసి అడగగలిగేది హక్కు. యూనియన్ల బలం వల్ల పాసు దాదాపు హక్కులాగే చెలామణి అయింది. కానీ ఆ ‘దాదాపు’ అన్న మాట మాత్రం చెరగలేదు.

పాసు రూపం కూడా మారింది. 2020 ఆగస్టులో ఇ-పాసు వచ్చింది. కౌంటర్ దగ్గర గుమస్తా చేతిరాతతో ఇచ్చే కాగితం స్థానంలో మొబైల్ ఫోనుకు వచ్చే ఓటీపీ చేరింది. ఉద్యోగంలో ఉన్నవారికి ఇది సుఖమే. ఇంట్లో కూర్చునే టికెట్ తీసుకోవచ్చు. కానీ ముప్పయ్యేళ్లు సుత్తి పట్టిన చేతికి స్మార్ట్‌ఫోన్ అంత తేలిగ్గా లొంగదు. సంపాదించుకున్న పాసును వాడుకోవడానికి మనవడి తీరిక కోసం ఎదురుచూడాల్సిన తాతలు ఖరగ్‌పూర్‌లోనే కాదు, ప్రతి రైల్వే పట్టణంలోనూ ఉంటారు. పైగా పాసు ప్రయాణానికే హామీ ఇస్తుంది, బెర్తుకు కాదు. పండగ రోజుల్లో వెయిటింగ్ లిస్టు పాసు ఉన్నవారికీ లేనివారికీ ఒకటే.

మరోపక్క ఐఆర్‌సిటిసి ఎస్‌బిఐ కార్డుతో కలిసి తెచ్చిన క్రెడిట్ కార్డుపై టికెట్లు కొనేవారికి పాయింట్లు వస్తాయి. వాటితో మళ్లీ రైలు టికెట్లే తీసుకోవచ్చు. అంటే రైల్వేలో ఇప్పుడు రెండు రకాల విశ్వాసాలకు రెండు ఖాతాలున్నాయి. కొనేవాడి విశ్వాసానికి ఒకటి, పనిచేసేవాడి విశ్వాసానికి ఒకటి. మొదటి ఖాతాలో ఎవరైనా చేరొచ్చు. రెండో ఖాతా తలుపు మాత్రం ఇరుకవుతోంది. ఒకప్పుడు పర్మనెంటు ఉద్యోగులు చేసిన స్టేషన్ల శుభ్రత, బోగీల్లో దుప్పట్ల పంపిణీ లాంటి పనుల్లో చాలావరకు నేడు కాంట్రాక్టు చేతుల్లోకి వెళ్లాయి. కాంట్రాక్టు కార్మికుడు రైల్వే కోసం ఎన్నేళ్లు పనిచేసినా అతని పేరిట ఒక్క సెట్టు కూడా జమకాదు.

తాతకు బిఎన్‌ఆర్ హోటల్ వరండా అందలేదు గానీ, పూరీ దాకా పాసు, హాలిడే హోములో గదికి అర్జీ పెట్టుకునే వీలు ఉండేవి. అదే రైల్వేలో కాంట్రాక్టు పనికి కుదిరిన మనవడికి సముద్రం చూడాలంటే టికెట్ కొనక తప్పదు.