జోల్ట్‌బూఖ్

జోల్ట్‌బూఖ్ అనేది రెండవ ప్రపంచ యుద్ధకాలంలో (1939-1945) ప్రతి జర్మన్ సైనికుడు ఎల్లవేళలా తనవద్ద ఉంచుకోవలసిన చిన్న పుస్తకం. జర్మన్ భాషలో "జోల్ట్" అంటే సిపాయి జీతం, "బూఖ్" అంటే పుస్తకం. పేరుకు జీతపు పుస్తకమే అయినా ఇది గుర్తింపు పత్రం కూడా అని అట్టమీదనే అచ్చువేసి ఉండేది. మరణించిన జర్మన్ సైనికుని గురించి వంశీకులు గాని చరిత్రకారులు గాని వెదకేటప్పుడు ఎక్కువగా మొదట చేతికందే ఆధారం ఇదే. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. యజమాని పుట్టుక మొదలుకొని అతని బూట్ల కొలత వరకు అన్నీ నమోదయ్యే ఈ పుస్తకంలో అతని మరణం మాత్రం సాధారణంగా ఉండదు. దానిని వేరేచోట్ల వెదకవలసినదే.

పుస్తకంలోని వివరాలు

మొదటి పుటలో సైనికుని పేరు, హోదా, గుర్తింపు బిళ్ళ సంఖ్య, రక్తవర్గం, విషవాయువు ముసుగు కొలత ఉంటాయి. పదోన్నతి లభించినప్పుడు పాత హోదా క్రింద కొత్తది తేదీతో సహా వ్రాసేవారు. ఇక్కడ సొంతపేరు ముందు, ఇంటిపేరు తరువాత వస్తాయి. సమాధుల జాబితాలలో ఈ వరుస తారుమారై ఇంటిపేరే ముందు కనిపిస్తుంది. తెలుగువారికి ఈ రెండవ పద్ధతే అలవాటు గనుక ఇబ్బంది ఉండదు.

రెండవ పుటలో పుట్టిన తేదీ, ఊరు, మతం, వృత్తి, ఎత్తు, ముఖాకృతి, జుట్టు, కళ్ళ రంగు వ్రాసేవారు. యుద్ధం తొలి సంవత్సరాలలో ఈ పుస్తకానికి ఛాయాచిత్రం ఉండేది కాదు. యుద్ధం ముదిరిన తరువాతనే ఫొటో అంటించి ముద్ర వేయటం ఆరంభమైనది. కాబట్టి ఫొటో లేనంత మాత్రాన పుస్తకం నకిలీదని భావించరాదు.

నాలుగవ పుటలో అతడు చేరిన దళాలు, ఐదవ పుటలో భార్య లేదా తల్లిదండ్రుల చిరునామా ఉంటాయి. తరువాతి పుటలలో దుస్తులు, ఆయుధాలు, టీకాలు, ఆస్పత్రిలో చేరిన తేదీలు, జీతపు తరగతి, పతకాలు, సెలవులు వరుసగా వస్తాయి. ఆస్పత్రి పుటలో జబ్బు పేరుకు బదులు తరచుగా ఒక సంకేత సంఖ్య మాత్రమే కనిపిస్తుంది. చివరగా వచ్చే సెలవుల పుటను చాలామంది పట్టించుకోరు గాని అది విలువైనది. అందులోని ఆఖరి తేదీ, ఇంటివారు అతనిని చూచిన ఆఖరి రోజులకు గుర్తు కావచ్చును.

పుస్తకం మొత్తంలో కాలక్రమాన అన్నిటికంటె వెనుకటిగా వేసిన నమోదు ఏదో ముందుగా గుర్తించాలి. అది జీతం చెల్లింపు కావచ్చు, టీకా కావచ్చు. ఆనాటికి అతడు జీవించి ఉన్నాడన్నంత వరకే ఆ పుస్తకం సాక్ష్యం చెప్పగలదు.

వేర్‌పాస్

జర్మన్ సైనికునికి వేర్‌పాస్ అనే మరొక పుస్తకం కూడా ఉండేది. సైన్యంలోకి పిలుపు వచ్చినప్పుడు అతడు వేర్‌పాస్‌ను దళానికి అప్పగించి జోల్ట్‌బూఖ్ పుచ్చుకొనేవాడు. ఒకటి కార్యాలయంలో, మరొకటి జేబులో. సైనికుడు మరణిస్తే ఆ విషయం వేర్‌పాస్‌లో వ్రాసి దానిని కుటుంబానికి పంపేవారు. అందుచేత జర్మన్ ఇళ్ళలో వేర్‌పాస్‌లు భద్రంగా దొరుకుతాయి. యుద్ధరంగంలో చనిపోయినవారి జోల్ట్‌బూఖ్‌లు మాత్రం అనేకం శత్రుసైనికుల చేతిలో పడి, జ్ఞాపికలుగా ఇతర దేశాలకు చేరినవి. శత్రువు వాటిని ఊరకే దాచుకోలేదు. ఎదుట ఉన్నది ఏ దళమో తెలుసుకొనటానికి గూఢచారి విభాగాలు మొదట వెదికినది ఈ పుస్తకాలనే.

గుర్తింపు బిళ్ళ

జర్మన్ సైనికుని మెడలో అండాకారపు లోహపు బిళ్ళ ఒకటి వ్రేలాడేది. మధ్యలో చీలికలు పెట్టి, విరవటానికి వీలుగా చేసిన ఈ బిళ్ళ రెండు సగాలపైనా ఒకే వివరాలు ఉండేవి. మరణించినవాని బిళ్ళలో ఒక సగం దేహంతో ఉంచి, రెండవ సగాన్ని విరిచి తీసుకొనేవారు. బిళ్ళపై సైనికుని పేరు ఉండదు. దానిని ఇచ్చిన దళం, వరుస సంఖ్య, రక్తవర్గం మాత్రమే ఉంటాయి. పేరులేని ఎముకలకు, పేరున్న మనిషికి మధ్య వంతెన జోల్ట్‌బూఖ్ మొదటి పుటలోని ఆ సంఖ్యయే.

బిళ్ళపై ఉన్న దళం సాధారణంగా అతడు తొలుత చేరిన శిక్షణ దళం. అతడు మరణించినది వేరొక దళంలో కావచ్చు. కొత్తగా పరిశోధన మొదలుపెట్టినవారు ఇక్కడే దారితప్పుతారు.

పరిశోధన విధానం

సైనికుల నష్టాలను, యుద్ధఖైదీలను నమోదు చేయటానికి 1939 ఆగస్టులో బెర్లిన్‌లో ఒక సమాచార కార్యాలయం ఏర్పడినది. దళాలు తమ సైనికుల బిళ్ళ సంఖ్యలను, మార్పులను, మరణాలను అక్కడికి పంపేవి. 1943లో అది థురింగియాకు తరలి, యుద్ధానంతరం తిరిగి బెర్లిన్ చేరినది. అక్కడ 1.8 కోట్లకు పైగా వ్యక్తుల చీటీలు పోగుపడినవి. 2019 జనవరి 1న ఆ కార్యాలయం జర్మనీ సమాఖ్య అభిలేఖాగారమైన బుండెస్‌ఆర్ఖీవ్‌లో విలీనమైనది. పేరు, పుట్టిన తేదీ, వీలైతే బిళ్ళ సంఖ్య తెలిపి అక్కడికి దరఖాస్తు చేయవచ్చు. ఈ మూడూ జోల్ట్‌బూఖ్‌లో దొరుకుతాయి. మరణించి పదేళ్ళయినా, మరణ తేదీ తెలియనప్పుడు పుట్టి నూరేళ్ళయినా, ఆ వ్యక్తికి చెందిన పత్రాలు చూడటానికి అక్కడి చట్టం సాధారణంగా అనుమతిస్తుంది. జవాబు కోసం మాత్రం ఓపిక పట్టాలి. 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ నగరంపై జరిగిన బాంబుదాడిలో అక్కడి సైనిక అభిలేఖాగారం చాలావరకు కాలిపోయినది. ఆ నష్టాన్ని పూరించటానికి ఇటువంటి విడి పుస్తకాలే దిక్కు.

సమాధుల సంగతి చూచేది 1919లో స్థాపించిన ఫోక్స్‌బుండ్ అనే సంస్థ. పలు దేశాలలోని జర్మన్ సైనిక శ్మశానాల సంరక్షణ దీని బాధ్యత. పేరుతో, పుట్టిన తేదీతో సమాధిని వెదికే సౌకర్యాన్ని ఇది అంతర్జాలంలో కల్పించినది. తూర్పు ఐరోపాలో నేటికీ బయటపడుతున్న అస్థికలను ఈ సంస్థ బిళ్ళల సాయంతో గుర్తించి తిరిగి ఖననం చేస్తున్నది.

రబ్బరు ముద్రలలో అయిదంకెల సంఖ్య కనిపిస్తే అది సైనిక తపాలా సంఖ్య. దళం పేరు బయటకు పొక్కకుండా వాడిన ఏర్పాటు ఇది. ఒకే సంఖ్యను వేర్వేరు కాలాలలో వేర్వేరు దళాలకు ఇచ్చిన సందర్భాలు ఉన్నవి గనుక, ముద్ర ప్రక్కనున్న తేదీతో పోల్చకుండా దళాన్ని నిర్ణయించరాదు.

చేతివ్రాత మరొక అవరోధం. ఆనాటి గుమాస్తాలు చాలామంది పాత జర్మన్ గొలుసుకట్టు లిపిలో వ్రాసేవారు. అందులో కొన్ని అక్షరాలు ఒకదానిని పోలి మరొకటి ఉంటాయి. ఊళ్ళ పేర్లూ మారినవి. నాటి బ్రెస్లౌ నేడు పోలండ్‌లోని వ్రొత్స్వావ్, నాటి కోనిగ్స్‌బెర్గ్ నేడు రష్యాలోని కలినిన్‌గ్రాడ్. కడప పేరుకు ఆంగ్ల వర్ణక్రమం 2005లో మారినది. వల్లూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల సైనికుల కోసం బ్రిటిషుకాలపు పత్రాలలో వెదకేవారు జిల్లా పేరును పాత వర్ణక్రమంలోనే వెదకవలసి ఉంటుంది.

పతకాల పుటను జాగ్రత్తగా చూడాలి. ఈ పుస్తకాలకు సంగ్రాహకుల విపణిలో ధర పలుకుతుంది. ధర పెంచటానికి తరువాతి కాలంలో పతకాలు చేర్చిన పుస్తకాలు ఉన్నవి. సిరా, సంతకం, ముద్ర, తేదీ ఒకదానితో ఒకటి పొసగాలి.

పుస్తకం చెప్పనిది మరొకటి ఉన్నది. యజమాని ఎక్కడెక్కడ ఉన్నాడో తెలుస్తుంది గాని అక్కడ ఏమి చేశాడో తెలియదు. జర్మన్ సైన్యం తూర్పురంగంలో పౌరులపైన, యూదులపైన, ఖైదీలపైన సాగిన హత్యాకాండలో పాలుపంచుకున్నది. దళం పేరు, తేదీలు పట్టుకొని ఆ దళపు దినచర్యలను వెదకిన మనుమలకు కొన్నిసార్లు ఇష్టంలేని సంగతులు ఎదురవుతాయి. దళం చేసిన ప్రతి పనీ ఆ ఒక్క మనిషి చేశాడనటానికి లేదు, చేయలేదనటానికీ లేదు.

భారతీయులు

ఈ పుస్తకాన్ని భారతీయులు కూడా ధరించారు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారతీయ యుద్ధఖైదీలతో సుభాష్ చంద్రబోస్ జర్మనీలో నెలకొల్పిన స్వతంత్ర భారత దళం జర్మన్ సైన్యంలో 950వ పదాతి రెజిమెంటుగా నడిచినది. ఇందులో సుమారు 2,600 నుండి 3,000 మంది ఉండేవారు. హైదరాబాదుకు చెందిన అబిద్ హసన్ జర్మనీలో ఇంజనీరింగు చదువుతూ బోస్‌తో చేరి, ఖైదీల శిబిరాలలో ఈ దళం నిర్మాణానికి పనిచేశాడు. 1943 ఫిబ్రవరిలో బోస్‌తోపాటు జలాంతర్గామిలో తూర్పునకు వెళ్ళినది ఇతడే. దళం నెదర్లాండ్స్‌లోను, తరువాత ఫ్రాన్స్‌లో బోర్డో సమీపాన లకానో వద్దను తీరరక్షణకు నియుక్తమైనది. 1944 ఆగస్టులో తిరుగుముఖం పట్టినప్పుడు ఫ్రెంచి దళాలతో జరిగిన పోరులో కొందరు మరణించారు. ఇంటిపేరు, సొంతపేరు అనే జర్మన్ విభజనకు భారతీయుల పేర్లు లొంగవు. జర్మన్ గుమాస్తా తన చెవికి వినిపించినట్లు వ్రాసుకున్న ఊరి పేరును నేటి పటంలో పోల్చటం ఇంకా కష్టం.

ఎదుటిపక్షంలో, బ్రిటిషు భారత సైన్యంలో, తెలుగువారు కూడా ఉన్న మద్రాస్ శాపర్స్ దళాలు ఉత్తర ఆఫ్రికాలోను, ఇటలీలోను జర్మన్లను ఎదుర్కొన్నవి. ఈ సైన్యంలో మరణించినవారిని వెదకటానికి 1917లో ఏర్పడిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా ఉన్నది. అందులో చాలామందికి తండ్రి పేరు, గ్రామం, జిల్లా కూడా ఇచ్చారు. చెన్నై నందంబాకంలోని మద్రాసు యుద్ధ శ్మశానాన్ని 1952లో ఈ కమిషనే నెలకొల్పినది. ఇటలీలో కసినో సమీపాన కైరా వద్ద జర్మన్ల శ్మశానంలో 20,000 మందికి పైగా ఉన్నారు. అదే దేశపు తూర్పుతీరాన సాంగ్రో నది వద్ద కమిషన్ శ్మశానంలో, హిందూ, సిక్కు సంప్రదాయాల ప్రకారం దహనం చేయటంవల్ల సమాధి లేని భారత సైనికులకు ఒక స్మారకం ఉన్నది. దానిపై 500 మందికి పైగా పేర్లు చెక్కి ఉన్నవి.