రెజ్యూమెలో ఆన్‌లైన్ కోర్సులు: ఏవి రాయాలి, ఎలా రాయాలి

ఫోన్‌లో చేసిన కోర్సులన్నీ రెజ్యూమెలో రాయవచ్చా? ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే ముందు మీలో చాలామందికి వచ్చే సందేహమే ఇది. రాయవచ్చు. కాని అన్నీ రాస్తే మీకే నష్టం. ఎందుకో చూద్దాం.

‘ఆన్‌లైన్ కోర్సు’ అన్న ఒక్క పేరుతో రెండు వేర్వేరు సంగతులు చలామణి అవుతున్నాయి. వీడియోలు చివరిదాకా చూసి, నాలుగు ప్రశ్నలకు జవాబు గుర్తిస్తే వచ్చే పత్రం ఒకటి. పరీక్షా కేంద్రానికి వెళ్ళి, గుర్తింపు కార్డు చూపించి, పర్యవేక్షకుల ఎదుట పరీక్ష రాస్తే వచ్చేది రెండోది. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ ఇచ్చే సర్టిఫికెట్లు ఈ రెండో రకానివి. 2017లో ప్రారంభమైన ‘స్వయం’ వేదిక మీద ఈ కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు; పరీక్షకు మాత్రం ఫీజు ఉంటుంది. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్ ఇస్తారు. 60 దాటితే ఎలీట్, 75 దాటితే సిల్వర్, 90 దాటితే గోల్డ్ అని దానిమీద ముద్రిస్తారు. వత్సవాయి విద్యార్థి ఈ పరీక్ష కోసం విజయవాడ దాకా వెళ్ళవలసి రావచ్చు. బస్సు ఛార్జీ, ఒక రోజు పని పోతాయి. అయినా వెళ్ళండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జగ్గయ్యపేట పరిసరాల్లోని ఒక సిమెంటు ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తా ఉద్యోగానికి బీకాం చదివిన అభ్యర్థి వెళ్ళాడనుకోండి. రెజ్యూమెలో పైథాన్, డిజిటల్ మార్కెటింగ్, ఒత్తిడి నివారణ అంటూ పన్నెండు కోర్సులున్నాయి. ఎదురుగా ఉన్న అధికారి వాటిలో ఒకదాని మీద వేలు పెట్టి, ‘ఇందులో ఏం నేర్చుకున్నావు?’ అంటాడు. జవాబు రాకపోతే మిగిలిన పదకొండూ, వాటితోపాటు డిగ్రీ కూడా అనుమానంలో పడతాయి. దూరవిద్య వారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. గుర్తింపు పొందిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో మరోసారి స్పష్టం చేసింది. ఇంటర్వ్యూ గదుల్లో మాత్రం పాత అపోహ ఇంకా పూర్తిగా పోలేదు. దానికి మీరే ఊతం ఇవ్వకండి.

కాబట్టి అడుగుతున్న ఉద్యోగానికి పనికివచ్చే రెండు మూడు కోర్సులు చాలు. వాటిని విద్యార్హతల కింద కాక, వేరే శీర్షిక పెట్టి రాయండి. కోర్సు పేరు, బోధించిన సంస్థ, వేదిక, పూర్తిచేసిన నెల, సంవత్సరం, మార్కులు ఉంటే సరిపోతుంది. ఐఐటీ మద్రాసు ఆచార్యులు చెప్పిన పాఠం విన్నంత మాత్రాన ఐఐటీలో చదివినట్టు కాదు. అలా అనిపించేలా రాయడం తప్పు. సగంలో ఉన్న కోర్సును ‘ప్రస్తుతం చదువుతున్నాను’ అని నిజమే రాయండి.

ఇంకొక మెలిక ఉంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు ‘స్వయం’ ద్వారా చదవడానికి విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. అలా చదివిన కోర్సు మీ మార్కుల మెమోలోకి ఎక్కితే అది డిగ్రీలో భాగమే. దాన్ని మరో అర్హతగా రెండోసారి లెక్క చూపకూడదు.

అన్నిటికంటే బరువైనది, నేర్చుకున్నదానితో మీరు చేసిన పని. జీఎస్టీ కోర్సు చదివి, ఊళ్ళో ఎరువుల కొట్టుకు మూడు నెలలు బిల్లులు రాసిపెట్టారా? ఆ మాటను కోర్సు కిందనే ఒక వాక్యంగా చేర్చండి. చాలామంది సిగ్గుపడి వదిలేస్తారు గాని, అధికారి ఆగి చదివేది ఆ వాక్యాన్నే.

చివరగా పేరు సంగతి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆన్‌లైన్ ఖాతాలో పొడి అక్షరమే ఉంటే సర్టిఫికెట్ మీదా అదే అచ్చవుతుంది. పరీక్ష ఫీజు కట్టకముందే రెండూ సరిచూసుకోండి.