చెడ్డార్ చీజ్ వెనుక ఒక అమ్మ

పిల్లలు పిజ్జా అంటూ మారాం చేస్తే మీరూ ఓ చీజ్ పొట్లం కొనే ఉంటారు. దానిమీద 'చెడ్డార్' అన్న మాట ఎప్పుడైనా గమనించారా? అది కంపెనీ పేరు కాదండీ, ఊరి పేరు. ఇంగ్లండుకి నైరుతి మూల సోమర్సెట్ అనే ప్రాంతంలో, కొండల పక్కన ఉంది ఆ ఊరు. 1170లో రెండో హెన్రీ రాజు గారి ఖజానా లెక్కల్లోనే 10,240 పౌండ్ల చెడ్డార్ కొన్నట్టు రాసి ఉంది. అంటే నాలుగున్నర వేల కిలోల పైమాటే!

ఇంగ్లీషు డిక్షనరీ చూస్తే చీజ్ అంటే జున్ను అని ఉంటుంది. మన జున్నుకీ దానికీ పోలికే లేదు. మనది ఈనిన ఆవు తొలిపాలతో గంటలో అయిపోయే వంటకం. చెడ్డార్‌కి నెలలు పడుతుంది. పాలు గోరువెచ్చగా కాచి, తోడుకోడానికి రెనెట్ కలుపుతారు. పూర్వం దాన్ని దూడ పొట్టలోంచి తీసేవారు. (శాకాహారులు కంగారు పడకండి, ఆకుపచ్చ చుక్క ఉన్న పొట్లం తీసుకుంటే ఆ బెంగ లేదు.) గడ్డ కట్టాక ముక్కలుగా కోసి, మళ్ళీ కాస్త వేడిచేసి, తేట నీరు వంచేసి, ఉప్పు కలిపి, బరువు పెట్టి అదిమి, గుడ్డ చుట్టి అరలమీద ఉంచుతారు. వంచేసిన తేట కూడా పారబోయరు, పందులకి పోస్తారు. ఏ ఊరి ఇల్లాలైనా ఇల్లాలే కదా!

ఈ పని పొలంలో కాదు, ఇంటిని ఆనుకుని ఉన్న పాలగదిలో జరిగేది. చేసేది ఆడవాళ్ళే. రైతు భార్య, కూతుళ్ళు, ఒకరిద్దరు పనమ్మాయిలు. ఒక్కో చీజ్ పాతిక కిలోలు కూడా ఉండేది. వాటిని రోజూ ఎత్తి తిరగేయాలి. ఆవులకి ఆదివారం లేదు కాబట్టి వీళ్ళకీ లేదు. పాలు ఎంత వేడెక్కాయో చెయ్యి పెట్టి చెప్పేవారు. తల్లి దగ్గర కూతురు చూసి నేర్చుకోవడమే తప్ప రాసిపెట్టిన కొలత లేదు. మన ఆవకాయ ఉప్పూకారాల లెక్క లాంటిదే అనుకోండి.

ఆ సోమర్సెట్‌లోనే వాన్‌స్ట్రో అనే పల్లెలో 1805లో జోసెఫ్ హార్డింగ్ పుట్టాడు. చీజ్ చేయడంలో పేరున్న రైతు కుటుంబం వాళ్ళది. తర్వాత బాత్ పట్నానికి దగ్గరలో మార్క్స్‌బరీ అనే పల్లెలో స్థిరపడ్డాడు. మంచి చీజ్ కావాలంటే మంచి పచ్చిక ఉన్న నేల కావాలని అందరూ అనుకునే రోజుల్లో, 'కాదు, చీజ్ మంచిచెడ్డలు తేలేది పాలగదిలోనే' అని వాదించాడాయన. చెయ్యి పెట్టి చూడ్డం మానేసి థర్మామీటరు పెట్టమన్నాడు. గిన్నెలూ గదీ అద్దంలా ఉండాలన్నాడు. గడ్డని కోయడానికి తిరిగే పనిముట్టు ఒకటి వాడుకలోకి తెచ్చాడు. దానితో ఆడవాళ్ళకి రెక్కల కష్టం కొంత తగ్గింది, అందుకు మెచ్చుకోవాలి. 1876లో పోయాడు. 'చెడ్డార్ చీజ్ పితామహుడు' అని ఈనాటికీ చెప్పుకుంటారు.

బావుంది, మరి మాత ఎవరు?

ఆయన భార్య పేరు రేచల్. స్కాట్లండులో అయిర్‌షైర్ రైతులు 1850లలో ఈ విద్య నేర్చుకోవాలని ముచ్చటపడితే హార్డింగ్ ఒక్కడే వెళ్ళలేదు. దంపతులిద్దరూ వెళ్ళి నేర్పారు. ఉపన్యాసం ఎవరైనా ఇస్తారు కానీ, గడ్డ ఎంత గట్టిపడితే కోయాలో చేత్తో చూపించాలంటే చేసినవాళ్ళు ఉండాలిగా! కొడుకులు కూడా ఈ విద్యనే వెంటబెట్టుకుని సముద్రాలు దాటారు. హెన్రీ ఆస్ట్రేలియాలో చీజ్ తయారీ మొదలుపెడితే, న్యూజిలాండులో ఆ పరిశ్రమకి విలియం దారి వేశాడు. పుట్టినింటి పాలగదిలో చూసి పెరిగిన పనే ఇద్దరినీ నిలబెట్టింది.

ఇలాంటి కుటుంబం చరిత్ర ఇవాళ ఎవరైనా తవ్వి తీయాలనుకుంటే ఇంగ్లండులో కాగితాలకి కొదవ లేదు. చర్చిలో పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ రాయమని 1538లోనే ఆజ్ఞ అయింది. 1837 నుంచి సర్కారు రిజిస్టర్లు వచ్చాయి. రైతు అయితే పొలం ఎన్నెకరాలో, ఎంతమంది పనివాళ్ళో కూడా 1851 జనాభా లెక్కల్లో దొరుకుతుంది. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికే దారం తెగిపోతుంది. పెళ్ళితో ఇంటిపేరు మారిపోతుంది. పోనీ బిడ్డల పెళ్ళి సర్టిఫికెట్టులో చూద్దామా అంటే, అక్కడ తండ్రి పేరూ వృత్తీ రాసే గడులే తప్ప తల్లికి గడే లేదు. ఆ గడి ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2021 మే నెలలో! నూట ఎనభై ఏళ్ళ పైచిలుకు అక్కడ ఏ తల్లీ బిడ్డ పెళ్ళి కాగితం మీద లేదన్నమాట.

ఇంకో సంగతి విన్నారంటే ఒళ్ళు మండుతుంది. 1851 లెక్కల్లో 'రైతు భార్య' అన్నది ఒక వృత్తిగా లెక్కపెట్టారు. ఆవిడ చేసేది పనే అని ఒప్పుకున్నారు. 1881 వచ్చేసరికి ఆ వరస తీసేసి రైతు భార్యల్ని ఏ వృత్తీ లేనివాళ్ళలో కలిపేశారు. ఆ ఏడాది పాతిక కిలోల చీజ్‌లు వాటంతటవే తిరగబడ్డాయి కాబోలు!

అదృష్టవశాత్తూ ఒక పేరు మాత్రం నిలిచింది. 1890లలో 'బాత్ అండ్ వెస్ట్' అనే వ్యవసాయ సంఘం చీజ్ బడి పెట్టింది. అందులో చీజ్ చేసి చూపించే పని ఈడిత్ కానన్ అనే సోమర్సెట్ అమ్మాయిది. పక్కనే లాయిడ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కూర్చుని పాల పులుపూ తేట పులుపూ రోజూ కొలిచి రాసుకునేవాడు. ఆమె పద్ధతికి 'కానన్ పద్ధతి' అనే పేరొచ్చింది. ఆ బడికి సొంత భవనమంటూ ఉండేది కాదు. ఒక ఏడు ఒక రైతు ఇంట్లో, మరో ఏడు మరో ఊళ్ళో, ఎక్కడ ఆవులూ పాలగదీ ఇస్తామంటే అక్కడికి గిన్నెలూ థర్మామీటర్లూ బండికెత్తుకుని వెళ్ళేవారు.