గర్భిణీ ఎంత బరువు పెరగాలి?

కడుపుతో ఉన్న కోడలిని చూసి మన కోరుకొండ పల్లెల్లో పెద్దవాళ్ళు ఒక మాట అంటుంటారు: "ఎక్కువ తినకమ్మా, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం." ప్రేమతో చెప్పే మాటే గాని, సరైన మాట కాదు. తల్లి కడుపు మాడ్చుకుంటే కాన్పు సులువు కాదు, బిడ్డ నీరసంగా పుడుతుంది. 2.5 కిలోల లోపు పుట్టిన బిడ్డకు ఒంట్లో వేడి నిలవదు, పాలు పీల్చే శక్తి చాలదు, జబ్బులు త్వరగా సోకుతాయి.

ఎంత పెరగాలి?

మొదటి మూడు నెలల్లో ఒకటి రెండు కిలోలు, ఆ తరువాత నెలకు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు పెరగాలి. మామూలు బరువున్న తల్లి మొత్తం మీద 10 నుంచి 12 కిలోలు పెరగడం మంచిది. బాగా సన్నగా ఉన్నవారు ఇంకొంచెం ఎక్కువ, లావుగా ఉన్నవారు తక్కువ పెరిగితే చాలు. మరీ ఎక్కువ పెరిగినా బి.పి., షుగరు, ఆపరేషను అవసరం రావచ్చు.

చిన్న వయసు తల్లులు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి దాదాపు 13 మంది అప్పటికే తల్లులో గర్భిణులో అని తేలింది. ఆ వయసులో తల్లి ఒళ్ళే ఇంకా ఎదుగుతుంటుంది. తిన్న తిండిని తల్లీ బిడ్డా పంచుకోవాలి. ఎదుగుతున్న తల్లులు ఎక్కువ బరువు పెరిగినా, వారి బిడ్డలు తక్కువ బరువుతో పుట్టారని 1990లలో అమెరికాలోని కామ్డెన్ పట్టణంలో జరిగిన పరిశోధనలు చూపాయి. అందుకే "బరువు పెరిగిందిలే" అని ఊరుకోకూడదు. రక్తహీనత, నెలలు నిండని కాన్పు, బి.పి. పెరిగి ఫిట్స్ రావడం వీరిలో ఎక్కువ.

ఏం చేయాలి?

• ప్రతి పరీక్షకూ బరువు తూయించి కార్డులో రాయించుకోండి.
• రోజూ పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర తినండి. అంగన్‌వాడీ ఆహారం తల్లికే పెట్టండి.
• ఐరన్ మాత్రలు 180 రోజులు మానకుండా వేసుకోవాలి.
• ఒక్కసారిగా బరువు పెరిగి, ముఖం, చేతులు వాచి, తలనొప్పి, చూపు మసక ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

గర్భవతియైన మరియ ఎలీసబెతు ఇంట ఇంచుమించు మూడు నెలలు ఉన్నదని లూకా సువార్తలో చదువుతాం. చిన్నదానికి పెద్దదాని తోడు దొరికింది. అత్తమ్మలారా, మీ కోడలికి ఆ తోడు మీరే కావాలి. సంఘ పెద్దలారా, పెండ్లి ప్రకటన చదివే ముందు పిల్లకు 18 ఏళ్ళు నిండాయో లేదో కాగితం చూసి మరీ నిర్ధారించుకోండి.