పొట్టి స్తంభాల తీగల వంతెన

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌లో సుప్రీంకోర్టు స్టేషన్ దాటి ఇంద్రప్రస్థ వైపు వెళ్లే రైలు మధ్యలో భారతీయ రైల్వే పట్టాలను పైనుంచి దాటుతుంది. అక్కడ దాన్ని మోసేది కాంక్రీటు దూలం. దానికి దన్నుగా పొట్టి స్తంభాల నుంచి వాలుగా దిగిన ఉక్కు తీగలున్నాయి. 2006 నవంబరు 11న బారాఖంబా రోడ్డు నుంచి ఇంద్రప్రస్థ దాకా రైళ్లు మొదలైన నాటి నుంచీ ఈ వంతెన వాడకంలో ఉంది.

మెట్రో దారిలో మామూలుగా 30 మీటర్లకు అటూఇటూగా ఒక స్తంభం వేస్తారు. ఇక్కడ ఆ వీలు లేదు. కింద రైళ్లు ఆగవు, వాటిపైన 25,000 వోల్టుల కరెంటు తీగలు. అందుకే నడిమి స్పాన్, అంటే రెండు స్తంభాల మధ్య దూరం, 93 మీటర్లయింది. అంత దూరాన్ని ఉత్త దూలంతో దాటించాలంటే స్తంభాల దగ్గర అది బాగా లోతుగా ఉండాలి. అలా చేస్తే మెట్రో పట్టాలను ఇంకా పైకి లేపాలి, లేదంటే కింది రైళ్లకు ఎత్తు చాలదు.

దీనికి ఫ్రెంచ్ ఇంజనీరు జాక్ మాతివా 1988లో ఒక దారి చూపాడు. కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది గాని లాగితే పగులుతుంది. కాబట్టి దూలం లోపల ఉక్కు తీగలు బిగించి దాన్ని ముందే నొక్కి ఉంచడం ఇంజనీర్లకు అలవాటే. ఆ తీగల్లో కొన్నింటిని దూలంలోంచి బయటికి తీసి, పొట్టి స్తంభం మీదుగా వాలుగా కడితే దూలం లోతు తగ్గించవచ్చన్నాడు మాతివా. ఇదే ఎక్స్‌ట్రాడోజ్డ్ వంతెన. ఈ తరహాలో మొదటిది 1994లో జపాన్‌లోని ఒడవారాలో వచ్చింది.

మామూలు తీగల వంతెనలో స్తంభం ఎత్తు స్పాన్‌లో ఐదో వంతు దాకా ఉంటుంది. ఇందులో పదో వంతు చాలు. తీగలు ఎత్తు నుంచి దిగవు కాబట్టి బరువులో ఎక్కువ పాలు దూలమే మోస్తుంది. రైలుకు కావలసిందీ అదే. పెట్టెలన్నీ ఒక్కసారిగా మీదికొచ్చినా పట్టాలు పెద్దగా కుంగకూడదు. పైగా రైలు వచ్చిపోయినప్పుడల్లా తీగల్లో బిగువు మారేది కొద్దిగానే కనుక లోహం త్వరగా అలసిపోదు. అందం కోసం వేసిన తీగలనుకునే వాళ్లున్నారు గాని, ఈ పొట్టితనంలోనే అసలు తెలివంతా ఉంది.

రైళ్లు తిరిగే పట్టాల మధ్య ఆసరా గుంజలు పాతలేరు. ఇలాంటి చోట్ల స్తంభానికి రెండు వైపులా కావడిలా బరువు సమం చేసుకుంటూ, ముక్క తర్వాత ముక్క చేర్చి, తీగలు బిగిస్తూ ముందుకు వెళతారు. ఎండకు ఒక పక్క వేడెక్కిన దూలం కాస్త వంగుతుంది గనుక మట్టాలు తెల్లవారుజామునే చూసుకుంటారు. కాంక్రీటు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కుంచించుకుంటూ, వంగుతూ ఉంటుంది. దాన్ని ముందే లెక్కగట్టి అందుకు తగ్గట్టు పైకెత్తి కడతారు.

మన హైదరాబాద్‌లో 2020లో తెరిచిన దుర్గం చెరువు వంతెనదీ ఇదే కుటుంబం. అయితే అది కార్లది, నడిమి స్పాన్ దాదాపు 234 మీటర్లు. రైలును మోసే ఇలాంటి ఇంకో వంతెన ఢిల్లీలోనే మూల్‌చంద్ దగ్గర ఉంది. 2010లో మొదలైన వయొలెట్ లైన్ అక్కడ అప్పటికే ఉన్న ఫ్లైఓవర్‌కు కూడా పైనుంచి వెళుతుంది.