బీటా కణముల రక్షణ

మధుమేహమనగా నెత్తురులో చక్కెర హెచ్చుటయే యని మనలో పెక్కుమంది తలంచుచున్నారు. అంతకుముందే లోపల జరిగిన నష్టము వారి దృష్టికి రాదు. టైపు 2 వ్యాధి బయటపడునాటికే ఇన్సులిన్ తయారుచేయు శక్తిలో సుమారు సగము నశించియుండునని బ్రిటనులో 1977 మొదలు ఇరువది యేండ్లు సాగిన పరిశోధన తేల్చినది. సగము పైరు పోయిన పిదప పురుగును చూచిన రైతు స్థితియే యిది.

క్లోమగ్రంథిలో దీవులవలె చెదరియున్న కణసమూహములను 1869లో జర్మను వైద్యుడు లాంగర్‌హాన్స్ వర్ణించెను. వానిలోని బీటా కణములే ఇన్సులిన్‌కు పుట్టినిల్లు. అన్నియు కలిపి తూచినను ఇంచుమించు ఒక్క గ్రామే! 1921లో టొరంటోలో బాంటింగు, బెస్టు ఇన్సులిన్‌ను వెలికిదీసిరి. దానివలన లెక్కలేని ప్రాణములు నిలిచినవి. కాని సూదిమందు లోటును పూరించునే గాని, చచ్చుచున్న కణమును కాపాడజాలదు.

టైపు 1 వ్యాధిలో కంచెయే చేను మేయును. దేహమును కాపాడవలసిన టీ కణములే బీటా కణములపై పడును. వీని నదుపుచేయు టెప్లిజుమాబ్ అను ఔషధమును, వ్యాధి ముంగిట నిలిచిన 76 మందిపై పరీక్షించి, ఫలితములను 2019లో ప్రకటించిరి. మందు పొందినవారిలో వ్యాధి సుమారు రెండేండ్లు వెనుకబడెను. 2022 నవంబరులో అమెరికా దీనిని అనుమతించెను. రెండేండ్లేకదా యనువారు, దినమునకు నాలుగు సూదులు పొడువవలసిన పసిబిడ్డ తల్లి నడుగుదురుగాక! అయితే 14 దినముల చికిత్సకు అచ్చట మొదట పెట్టిన వెల 1,93,900 డాలర్లు. ఇన్సులిన్ పేటెంటును బాంటింగు సహచరులు 1923లో తలకొక డాలరునకు విశ్వవిద్యాలయమున కిచ్చివేసిన సంగతి మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

మన దేశమున విస్తరించినది టైపు 2. ఇందు దేహము ఇన్సులిన్‌ను లెక్కచేయదు. బీటా కణములు హెచ్చు చాకిరి చేసి చేసి సొమ్మసిల్లును. భారము దింపుటయే వానికి రక్షణ. బ్రిటనులో వ్యాధి వచ్చి ఆఱేండ్లు దాటనివారికి కొన్ని నెలలు దినమునకు 850 కాలరీలకు లోబడిన ఆహారమిచ్చిరి. ఏడాదికి 46 శాతము మంది మందులు లేకయే వ్యాధినుండి బయటపడిరని 2017లో ప్రకటించిరి. అట్టివారిలో బీటా కణముల పనియు కొంత కోలుకొనెను. చెన్నపట్టణపు వైద్యులు వ్యాధికి పూర్వదశలోనున్న 531 మందిని పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించిరి. నడకను, ఆహారనియమమును చేపట్టినవారిలో మూడేండ్లకు 39 శాతమునకును, అట్టి ప్రత్యేక ఉపదేశమును పొందనివారిలో 55 శాతమునకును వ్యాధి వచ్చెను. పొలముగట్లు త్రొక్కుట మానిన ఆసాములును, కుర్చీ విడువని పట్టణవాసులును ఈ యంకెలను తమకొఱకే వ్రాసినట్లు చదువుకొనవలెను.

భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో 2023లో వెలువడిన లెక్కలలో మధుమేహులు 10.1 కోట్లు, పూర్వదశలోనివారు 13.6 కోట్లు. కాపాడదగిన కణములు హెచ్చుగా మిగిలియున్నది ఈ రెండవవారియందే. 30 ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో పరీక్ష జరుపు పథకము కలదు. దానిని గ్రామస్థులు అడిగి చేయించుకొనవలెను. టైపు 1 రోగులు మాత్రము పథ్యమును నమ్మి సూదిమందును ఒక్క పూటయైన మానరాదు.